పేరు లేని వోచరు

“పిన్నిగారూ, వందకు పైగా వోచర్లు చూశాను. ఒక్కదాని మీదా మనిషి పేరు లేదు, అన్నీ నంబర్లే. మా సారుకి ఏమని చెప్పను?”

అడిగింది మా వీధి అమ్మాయి. కోల్‌కతాలో ఒక ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ చేస్తోంది. శని, ఆదివారాల్లో న్యూ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టర్‌కి వస్తుంది. ఆమె చేతికి వచ్చిన కొత్త ఫైలు చిత్రహింసలకు గురై బతికి బయటపడినవారికి వైద్యం, ధైర్యం, న్యాయసహాయం అందించే ఒక స్వచ్ఛంద సంస్థది. ఆ సంస్థ పేరు ఆమె చెప్పకూడదు, నేను అడగకూడదు.

బ్యాంకు ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ ప్రశ్న వినగానే ఒకటే అనుమానం వస్తుంది. పేరు లేని లబ్ధిదారు అంటే అసలు లేని లబ్ధిదారేనేమో అని. పింఛన్ల జాబితాల్లోనూ, స్కాలర్‌షిప్ జాబితాల్లోనూ దొంగ పేర్లు పట్టుకునే పనిలోనే మనలో చాలామందికి జుట్టు నెరిసింది. అయితే ఈ రకం సంస్థలో పరిస్థితి తిరగబడుతుంది. ఇక్కడ పేరు రాస్తే ప్రమాదం, రాయకపోతే అనుమానం. ఈ రెంటి మధ్య లెక్కలు ఎలా నిలబెట్టాలన్నదే ఈసారి పాఠం. మన పత్రిక చదివే ఇళ్ళలో విరాళాలు ఇచ్చేవారున్నారు, రిటైరయ్యాక ఏదో ఒక సొసైటీకి కోశాధికారిగా కూర్చునేవారు అంతకంటే ఎక్కువ. వారికి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇది మన ఊరికి దూరమైన విషయం కాదు

మా న్యూ సెటిల్‌మెంట్ నుంచి ఆటో ఎక్కితే కొద్దిసేపట్లో హిజ్లీ చేరుకోవచ్చు. ఇవాళ అందరూ దాన్ని ఐఐటీ అంటారు. 1951లో ఐఐటీ మొదలైంది అక్కడి పాత భవనంలోనే. దానికి ముందు అది బ్రిటిష్ ప్రభుత్వం 1930లో తెరిచిన నిర్బంధ శిబిరం. విచారణ లేకుండా పట్టుకున్నవారిని అందులో ఉంచేవారు. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఆ నిర్బంధితుల మీద కాల్పులు జరిగాయి. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వారి భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోస్ హిజ్లీ వచ్చారు. కలకత్తాలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ టాగోర్ మాట్లాడారు. పిల్లల్ని ఆ భవనంలోని మ్యూజియం చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు రైలింజన్ల దగ్గరే ఆగిపోకుండా ఈ సంగతీ చెప్పాలని నా అభిప్రాయం.

చనిపోయినవారి పేర్లు రాతి మీద ఉన్నాయి. గాయపడి, భయపడి, బతికి ఇంటికి వెళ్ళినవారి సంగతి ఎవరు చూశారు? ఈ ప్రశ్న ప్రపంచంలో గట్టిగా వినిపించడానికి చాలాకాలం పట్టింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసినప్పుడు ఇరవై ఏళ్ళ వయసులో జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ శిబిరానికి సహాయానికి వెళ్ళిన హెలెన్ బాంబర్ అనే ఆవిడ, నలభై ఏళ్ళ తరువాత 1985లో లండన్‌లో ఒక వైద్య ఫౌండేషన్ స్థాపించారు. ఇప్పుడు దాని పేరు ఫ్రీడమ్ ఫ్రమ్ టార్చర్. డెన్మార్క్‌లో ఇంగె గెనెఫ్కె అనే డాక్టరు 1982లో కోపెన్‌హాగన్‌లో ఇలాంటి కేంద్రమే పెట్టారు. అమెరికాలో మినెసోటా రాష్ట్రంలో 1985లో మరొకటి వచ్చింది.

వీటి పని ఏమిటంటే, కీళ్ళు పట్టేసినవారికి ఫిజియోథెరపీ, నిద్ర పట్టనివారికి మానసిక వైద్యం, ఒంటి మీద మచ్చల్ని కోర్టు నమ్మేలా డాక్టరు చేత నమోదు చేయించడం. ఈ నమోదుకి ఇస్తాంబుల్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ పద్ధతి 1999 నుంచి ఉంది. ఇవి కాక దుబాసీ పని ఒకటి. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మన ఖరగ్‌పూర్‌లో తెలుగు పెద్దావిడ బెంగాలీ డాక్టరు ముందు కూర్చుని “సలుపుతోంది”, “పీకుతోంది”, “లాగేస్తోంది” అంటే, ఆ మూడింటినీ కలిపి “నొప్పి” అని చెప్పేస్తే వైద్యం సగం పోయినట్టే. ఆ దుబాసీ పక్కింటివాడు కాకూడదు, చుట్టం అంతకన్నా కాకూడదు. న్యూ సెటిల్‌మెంట్ లాంటి చోట ఎవరింటికి ఎవరొచ్చారో సాయంత్రానికి గోల్‌బజార్ దాకా తెలిసిపోతుంది మరి. అందుకే బయటినుంచి మనిషిని పిలవాలి, ఛార్జీలివ్వాలి. బడ్జెట్‌లో “అనువాద ఖర్చులు” అన్న పద్దు చూసి ఎవరైనా ముఖం చిట్లిస్తే ఈ మాట చెప్పండి.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది

బడి కట్టిస్తే ముందు ఒక శిలాఫలకం ఉంటుంది. మంచినీళ్ళ ప్లాంటు పెడితే రిబ్బన్ కట్ చేసిన ఫోటో ఉంటుంది. చిత్రహింస బాధితులకు చేసే సాయంలో ఫోటో ఉండదు, ఉండకూడదు. అందుకే కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ఇటువైపు రావడం అరుదు. ప్రజలు తలా వంద, అయిదు వందలు ఇస్తారు. కొన్ని ప్రైవేటు ఫౌండేషన్లు ఇస్తాయి. ఐక్యరాజ్యసమితి ఒక ప్రత్యేక నిధిని 1981లో తన సర్వసభ్య సభ తీర్మానంతో ఏర్పాటు చేసింది. దానిపేరే స్వచ్ఛంద నిధి, అంటే దేశాలు ఇష్టమైతేనే ఇస్తాయి. అయిదుగురు ధర్మకర్తల మండలి దరఖాస్తులు చూసి సిఫారసు చేస్తే, వైద్యం, మానసిక సహాయం, న్యాయసహాయం నేరుగా అందించే సంస్థలకు గ్రాంటు వెళ్తుంది. మామూలుగా ఒక్కో ఏడాదికి ఒక్కో గ్రాంటు.

చిక్కంతా ఆ “ఒక్కో ఏడాది” దగ్గరే. మనిషి కోలుకోవడానికి ఆర్థిక సంవత్సరం తెలీదు. మార్చి 31న గ్రాంటు అయిపోయిందని, ఏప్రిల్ 1న “మీ కౌన్సెలింగ్ ఆపేశాం” అంటే, ఎన్నో నెలలు తీసుకుని నోరు విప్పిన మనిషి మళ్ళీ మూసుకుపోతాడు. 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని ఉన్నట్టుండి నిలిపివేసినప్పుడు నేను పైన చెప్పిన మినెసోటా సంస్థ తన సిబ్బందిలో చాలామందిని పనిలోంచి పంపవలసి వచ్చింది. నలభై ఏళ్ళ అనుభవమున్న సంస్థ. పనిలో లోపం లేదు, పుస్తకాల్లో లోపం లేదు. రాబడిలో పెద్ద వాటా ఒకే చేతినుంచి రావడమే దెబ్బతీసింది. మనం అప్పులిచ్చేటప్పుడు ఒకే రంగానికి, ఒకే ఖాతాదారుకి ఎక్కువ ఇవ్వకూడదని పరిమితి పెట్టుకుంటాం కదా, విరాళాలు తీసుకునేవారికీ ఆ సూత్రం వర్తిస్తుంది.

మరి నష్టపరిహారం మాటేమిటని అడుగుతారు. అది వేరే డబ్బు. దాన్ని సంస్థ డబ్బుతో కలిపి చూడకూడదు. ఇక్కడ మన రైలు మార్గం మీద జరిగిన ఒక కేసు చెప్పాలి. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్, చక్రధర్‌పూర్ మీదుగా రూర్కెలా వెళ్ళే లైన్లో జరాయికెలా అని చిన్న స్టేషను ఉంది. 1987 డిసెంబరు 2న ఆ ప్రాంతంలో పట్టాల మీద సుమన్ బెహెరా అనే 22 ఏళ్ళ యువకుడి శవం దొరికింది. ముందురోజే అతన్ని జరాయికెలా పోలీస్ అవుట్‌పోస్టుకి తీసుకెళ్ళారు. తప్పించుకుని పారిపోతూ రైలు కింద పడ్డాడని పోలీసులు చెప్పారు. తల్లి నీలావతి బెహెరా నమ్మలేదు. 1988 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, జిల్లా జడ్జి చేత విచారణ జరిపించి, డాక్టరు సాక్ష్యం చూసి, అది కస్టడీ మరణమేనని తేల్చింది. 1993 మార్చి 24న లక్షా యాభై వేల రూపాయల పరిహారం ఇవ్వాలని ఒరిస్సా ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ కుర్రవాడి నెల సంపాదన 1,200 నుంచి 1,500 రూపాయలని తీర్పులో ఉంది.

ఇక బ్యాంకువాళ్ళం చదవాల్సిన వాక్యం. ఆ సొమ్మును తల్లి పేరిట షెడ్యూల్డ్ బ్యాంకులో మూడేళ్ళ టర్మ్ డిపాజిట్ చెయ్యాలి, అప్పటిదాకా ఆమెకు వడ్డీ మాత్రమే అందాలి, గడువు తీరాక అసలు ఇవ్వాలి, కలెక్టరు ఆ ఏర్పాటు చేసి మూడు నెలల్లో కోర్టుకి తెలియజేయాలి. న్యాయసహాయ కమిటీకి ఖర్చుల కింద మరో 10,000 విడిగా ఇవ్వమన్నారు. చూడండి, తల్లికి రావలసింది తల్లి పేరిట, సహాయం చేసినవారి ఖర్చు వేరే పద్దుగా. పిల్లాడి ప్రాణానికి వచ్చిన సొమ్ము చుట్టాల చేతుల్లో కరిగిపోకుండా కోర్టు ఒక ఎఫ్‌డీ రసీదును కాపలా పెట్టింది. మనం రోజూ ప్రింటు తీసే రసీదే అది.

కాబట్టి ఏ సంస్థ పుస్తకాల్లోనైనా బాధితుల పరిహారం సంస్థ ఖాతాలోకి వచ్చి, అక్కడినుంచి “పంపిణీ” అయినట్టు కనిపిస్తే ఆగి అడగాలి. పంపిణీ నిజాయితీగానే జరిగి ఉండవచ్చు. అయినా అడగాలి.

పరిహారం ఇచ్చే చెయ్యి ఏ అధికారంతో ఇచ్చిందన్నది కూడా అంతే ముఖ్యం. హైదరాబాదులో 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక కొందరు ముస్లిం యువకుల్ని పట్టుకున్నారు. కస్టడీలో చిత్రహింసలు పెట్టారని వారు చెప్పారు. తరువాత నిర్దోషులుగా బయటికొచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 20 మందికి 3 లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున, మొత్తం 70 లక్షలు మంజూరు చేసింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కేసు వీగిపోవడం ఒక్కటే పరిహారానికి ఆధారం కాదన్నది కోర్టు మాట. నీలావతి కేసులో విచారణ జరిగి, తప్పు తేలి, ఆ మీద డబ్బు వచ్చింది, నిలిచింది. ఇక్కడ ఉత్తర్వు మాత్రమే వచ్చింది. చేతికొచ్చిన డబ్బుకి కాగితం బలం లేకపోతే పుచ్చుకున్నవాడికి మళ్ళీ భయమే మిగులుతుంది.

బ్యాలెన్స్ షీట్ చదవడం

లెక్క అర్థం కావడానికి ఒక సంస్థను ఊహించుకుందాం. ఈ అంకెలు పాఠం కోసం నేను వేసినవి.

ఏడాది రాబడి 60 లక్షలు. అందులో విదేశీ గ్రాంటు 40, మన దేశంలోని విరాళాలు 12, శిక్షణ తరగతుల ఫీజు 5, వడ్డీ 3. ఖర్చూ 60 లక్షలే. డాక్టర్లు, కౌన్సెలర్లు, దుబాసీల జీతాలు 34, వచ్చేవారి మందులు, భోజనం, ప్రయాణం 11, న్యాయ నమోదు పని 5, అద్దె 4, ఆఫీసు, ఆడిట్ వగైరా 6. ఏడాది చివర బ్యాంకులో నిల్వ 22 లక్షలు.

మొదటి ప్రశ్న, ఈ సంస్థ బాగా ఉన్నట్టా? నెలకి 5 లక్షల ఖర్చు కాబట్టి 22 లక్షలంటే నాలుగు నెలలకు పైగా వస్తుందని చటుక్కున అనేస్తాం. నోట్స్ చదివితే ఆ 22లో 17 లక్షలు వచ్చే ఏడాది పనికి ముందుగా వచ్చిన గ్రాంటు, ఫలానా పనికే వాడాలన్న షరతుతో. ఇలాంటిదాన్ని పరిమిత నిధి అంటాం. స్వేచ్ఛగా వాడుకోగలిగింది 5 లక్షలు. అంటే నిలదొక్కుకునే శక్తి ఒక్క నెల. దాత ఉత్తరం రెండు నెలలు ఆలస్యమైతే అద్దె కట్టలేరు. సంస్థలు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకి సరిపడా స్వేచ్ఛా నిధి పెట్టుకోవాలని చూస్తాయి. “డబ్బు దాచుకుంటున్నారు, ఖర్చు పెట్టడం లేదు” అని వాళ్ళని నిందించేవాళ్ళు ఈ మాట ఆలోచించాలి. రాబడిలో 15 శాతం వరకు మిగుల్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టమే ఒప్పుకుంటుంది. 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ 15 శాతం అలాగే ఉంది.

రెండో ప్రశ్న మీద గొడవలు ఎక్కువ. “34 లక్షలు జీతాలకేనా? అయితే పేదవాడికి వెళ్ళిందెంత?” జీతాల్ని, అద్దెని, ఆఫీసు ఖర్చుని కలిపితే 44 లక్షలు, అంటే 73 శాతం. వినడానికి దారుణంగా ఉంటుంది. అన్నదానం చేసే సంస్థ అయితే నేనూ అడుగుతాను. కానీ ఇక్కడ ఇచ్చేదే మనిషి సమయం. వంటలో బియ్యం ఎలాగో, ఇక్కడ కౌన్సెలర్ కూర్చునే గంట అలాగ. విదేశీ విరాళాల చట్టం 2020లో సవరించినప్పుడు పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించారు. ఆ చట్టం కింది నిబంధనల్లోనే, ఆసుపత్రిలో డాక్టర్ల జీతాలు, బడిలో టీచర్ల జీతాలు లాంటివి పరిపాలన ఖర్చు కాదని స్పష్టంగా ఉంది. కాబట్టి మన ఊహా సంస్థలో పరిపాలన ఖర్చు అద్దె, ఆఫీసు కలిపి 10 లక్షలు, మొత్తంలో ఆరో వంతు.

అయితే 20 శాతం లెక్క విదేశీ సొమ్ము మీదే. 40 లక్షలకు 8 లక్షలు. 10 లక్షల పరిపాలన ఖర్చులో ఆ 8 పోగా మిగిలిన 2 లక్షలు ఎక్కడినుంచి రావాలి? మన దేశపు దాతలిచ్చిన 12 లక్షల్లోంచి. దాతలు సాధారణంగా “నా డబ్బు మందులకే వాడండి” అంటారు. నా సలహా వేరు. మీరు నమ్మిన సంస్థ అయితే “మీకు ఏది అవసరమో దానికి వాడండి” అని రాసివ్వండి. కరెంటు బిల్లు కట్టడానికి దాత దొరకడం కంటే మందులు కొనడానికి దాత దొరకడం సులువు.

విదేశీ విరాళాల గురించి మన ఇళ్ళకు తెలియాల్సింది మరొకటి. ఆ డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. దానిమీద వచ్చే వడ్డీ కూడా విదేశీ విరాళం కిందే లెక్క. ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు ఇవ్వడానికి ఇప్పుడు వీల్లేదు. అమెరికాలో ఉన్న మీ అబ్బాయి భారత పౌరుడిగానే ఉంటే అతని సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడా, ఓసీఐ కార్డున్నా సరే, అదే అయిదు వేల రూపాయలు విదేశీ విరాళమైపోతుంది. అనుమతి లేని చిన్న సంస్థ ఖాతాలో ఆ డబ్బు పడితే వాళ్ళకే కష్టం. ప్రేమతో పంపేముందు పాస్‌పోర్టు రంగు చూసుకోమని పిల్లలకు చెప్పండి.

ఇక వోచరు సంగతి

ఆ అమ్మాయి చూపించిన నమూనా ఇలా ఉంటుంది (నంబరు నేను మార్చాను). “సి-17, రాకపోకలు, 240 రూపాయలు.” కింద ఎవరిదో పొడి సంతకం. పేరు ఎందుకు రాయలేదు? వోచర్ల కట్ట ఎంతమంది చేతుల్లోంచి పోతుందో లెక్కపెట్టండి. క్లర్కు, అకౌంటెంటు, ఆడిటరు, ఆర్టికల్స్ పిల్లలు, దాత పంపిన తనిఖీదారు, పన్నుల ఆఫీసు. బాధితుడు ఫిర్యాదు చేసింది ఒక పోలీసు అధికారి మీదో, ఊరి పెద్ద మీదో అయితే, “ఇతను ఫలానా సంస్థకు వెళ్తున్నాడు” అన్న ఒక్క కాగితం చాలు, ఇంటిముందు ఎవరో ఒకరు నిలబడడానికి.

అలాగని నంబరు చూసి సరేననడమూ కాదు. నంబరు వెనుక మనిషి ఉన్నాడని పేరు చూడకుండా తేల్చుకునే దారులున్నాయి. సి-17 ఆ నెలలో నాలుగుసార్లు ప్రయాణ ఖర్చు తీసుకున్నాడంటే కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ డైరీలో అదే తేదీల్లో సి-17 నాలుగుసార్లు ఉండాలి. ఆ డైరీ రాసేవారు, డబ్బిచ్చేవారు వేరు వేరు మనుషులై ఉండాలి. 240 అన్న అంకె నెలంతా కదలకుండా అలాగే ఉంటే అదొక అనుమానం, ఎందుకంటే నిజమైన ప్రయాణంలో ఒకరోజు బస్సు, ఒకరోజు లోకల్ రైలు. కౌన్సెలర్ సెలవులో ఉన్న రోజున వోచరుంటే అది ఇంకా పెద్ద అనుమానం. నంబరుకి పేరు జతచేసే అసలు రిజిస్టరు ఇద్దరి ఉమ్మడి అదుపులో ఉండాలి. ఇది మనకి కొత్త కాదు. క్యాష్ సేఫ్‌కి రెండు తాళాలు, ఇద్దరు అధికారులు. పండక్కి ఊరెళ్ళాలంటే ముందు తాళంచెవి అప్పగించడానికి మనిషి దొరకాలని మన ఇళ్ళలో ఎన్నిసార్లు రైలు టిక్కెట్లు మార్చుకోలేదు! అవసరమైతే ఆడిటరు ఆ ఇద్దరి సమక్షంలో అయిదారు నంబర్లు ఎంచుకుని రిజిస్టరు చూసి, నోట్స్‌లో పేర్లు రాసుకోకుండా “సరిచూశాను” అని మాత్రం రాస్తాడు. వృత్తిలో తెలిసిన రహస్యాన్ని క్లయింటు అనుమతి లేకుండా బయటపెట్టడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం తప్పే.

సంతకం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. చిత్రహింసలు పడినవారిలో చాలామంది చేత ఎప్పుడో ఒకప్పుడు తెల్లకాగితం మీద బలవంతంగా సంతకం పెట్టించి ఉంటారు. అలాంటి మనిషి ముందుకి ఖాళీ వోచరు తోసి “ఇక్కడ పెట్టండి, మేం తర్వాత నింపుకుంటాం” అంటే, మన దృష్టిలో అది పని తొందర, అతని ఒంట్లో అది పాత గది. వోచరు ముందే నింపాలి, అతని భాషలో చదివి వినిపించాలి, తరువాతే వేలిముద్రో సంతకమో. అప్పు పత్రాల మీద ఖాళీ సంతకాలు తీసుకోకూడదని మనకి ఎన్ని సర్క్యులర్లు వచ్చాయో! ఇక్కడ ఆ నియమం సర్క్యులర్ కోసం కాదు, వైద్యంలో భాగం.

ఖాతాకి బదిలీ చేసేస్తే పోదా అని ఆ అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే, మనం అందరికీ అదే చెప్తాం కదా. కానీ పాస్‌బుక్‌లో పంపినవారి పేరు పడుతుంది. ఆ పాస్‌బుక్ ఇంట్లో బీరువాలో ఉంటుంది, బావగారు తీసి చూస్తాడు, ఫోనుకి మెసేజి వస్తుంది, ఆ ఫోను కొడుకు చేతిలో ఉంటుంది. ఖాతా పేరేమో రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నట్టే ఉండాలి, కేవైసీలో దానికి మినహాయింపు లేదు. అందుకే సంస్థకు పేరు పెట్టే రోజునే ధర్మకర్తలు ఈ సంగతి ఆలోచించుకోవాలి. చిన్న మొత్తాలు నగదుగా, పెద్ద మొత్తాలు నేరుగా ఆసుపత్రికో మందుల దుకాణానికో ఇవ్వడం ఒక పద్ధతి. ఒక రోజులో ఒకరికి 10,000 దాటిన నగదు చెల్లింపు పన్ను లెక్కలో ధర్మకార్యపు ఖర్చుగా చెల్లదు కాబట్టి ఆ హద్దు గుర్తుండాలి. మందుల బిల్లు మీద పేషెంటు పేరు ఉంటుంది, దాని నకలు మీద పేరు కప్పి, అసలు బిల్లు రిజిస్టరుతోపాటు తాళంలో పెట్టాలి.

కుర్చీలో ఎవరు కూర్చున్నారు

పేర్లు బయటికి చూపలేని చోట, ఆ పేర్లు మోయాల్సిన బరువంతా పాలకవర్గం మీద పడుతుంది. మధ్యాహ్న భోజనం పెట్టకపోతే పిల్లలు ఇంటికెళ్ళి చెప్తారు, ఊరంతా తెలుస్తుంది. కౌన్సెలింగ్ జరగకపోతే ఎవరు చెప్తారు? బాధితుడు వీధిలోకొచ్చి ఫిర్యాదు చేయలేడు. చేస్తే తనెవరో తెలిసిపోతుంది.

పశ్చిమ బెంగాల్లో ఇలాంటి సంస్థ 1961 నాటి రాష్ట్ర సొసైటీల చట్టం కింద నమోదవుతుంది. ఆంధ్రలో 2001 చట్టం ఉంది. లేదా ట్రస్టుగానో, కంపెనీల చట్టం 8వ సెక్షన్ కిందో ఉండొచ్చు. ఏ రూపమైనా నేను మొదట అడిగేది మినిట్స్ పుస్తకం. అందులో ఒక్కసారైనా వ్యవస్థాపకుడి ప్రతిపాదనకి ఎవరైనా “వద్దు” అన్నారా అని చూస్తాను. ఇలాంటి సంస్థలు తరచుగా ఒక ధైర్యవంతుడో ధైర్యవంతురాలో మొదలుపెట్టినవే. బెదిరింపులు ఎదుర్కొన్నవారు, జైళ్ళ చుట్టూ తిరిగినవారు. అలాంటివారిని లెక్కలు అడగడానికి మిగతా సభ్యులకి మొహమాటం. ఆ మొహమాటంలోనే కోశాధికారి బావమరిది అవుతాడు, అద్దె ఇల్లు అత్తగారిదవుతుంది. అద్దె న్యాయమైనదే కావచ్చు. సమావేశంలో చెప్పి, సంబంధమున్న సభ్యుడు బయటికెళ్ళి, మిగతావారు మార్కెట్ అద్దె చూసి ఒప్పుకున్నారని రాసి ఉంటే నాకు అభ్యంతరం లేదు.

బాధితుల ఫిర్యాదు వినే మనిషి వ్యవస్థాపకుడికి జవాబు చెప్పే ఉద్యోగి కాకూడదు, బయటి డాక్టరో రిటైర్డ్ హెడ్‌మాస్టరో అయితే మేలు. కోలుకున్నవారిలో ఇష్టపడిన ఒకరిద్దరు పాలకవర్గంలో ఉండాలి, ఊరికే కూర్చోబెట్టడానికి కాదు, బడ్జెట్ మీద ఓటుతో. ఇక వార్షిక నివేదికలో కన్నీళ్ళ కథ, పక్కన ఫోటో, కింద “అనుమతితో” అన్న మాట ఉంటే నేను వెనక్కి తగ్గుతాను. రేపటి మందుల కోసం మీ మీద ఆధారపడిన మనిషి మీకు “వద్దు” అని ఎలా చెప్తాడు?

భారతదేశం చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997 అక్టోబరు 14న సంతకం చేసింది, ఆమోదం ఇంకా తెలపలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు చట్టం కాకుండానే ముగిసింది. మనకున్నది ప్రధానంగా కోర్టు తీర్పులు. 1996లో అరెస్టుల మీద సుప్రీంకోర్టు 11 నియమాలు పెట్టిన డి.కె. బసు కేసు కూడా ఇదే రాష్ట్రంలో న్యాయసహాయ సంస్థ నడిపిన ఒకాయన రాసిన ఉత్తరంతోనే మొదలైంది. ఉత్తరం రాయడానికి ఒక బల్ల, ఒక గది, స్టాంపులు కావాలి. అవి ఏ పద్దులోకి వస్తాయో పైన చెప్పాను.

చివరగా చాలా సొసైటీల నియమావళిలో కనిపించని ఒక అంశం. సంస్థ మూతబడితే ఆస్తులు అలాంటి లక్ష్యాలున్న మరో సంస్థకు పోవాలని రాస్తారు. బల్లలు, కుర్చీలు, ఎఫ్‌డీలు పోతాయి, సరే. నంబర్లకు పేర్లు జతచేసే రిజిస్టరు ఎవరికి పోతుంది? అది కొత్త సంస్థకు ఇవ్వాలంటే ఒక్కొక్కరి అనుమతి విడిగా అడగాలి. అడగడానికి దొరకనివారి పేజీలు ఏం చేయాలి, ఎన్నేళ్ళు ఉంచాలి, ఎవరి ఎదుట కాల్చాలి అన్నది సంస్థ బాగా నడుస్తున్నప్పుడే తీర్మానంగా రాసుకోవాలి. అంతవరకు ఆ రిజిస్టరుకి తగిన చోటు ఆఫీసు బీరువా కాదు. ఇద్దరు ధర్మకర్తలు కలిసి వస్తేనే తెరుచుకునేలా సంస్థ పేరిట తీసుకున్న బ్యాంకు లాకరు. అద్దె ఏడాదికి ఒకసారి, పద్దు పరిపాలన ఖర్చు.